నల్లగొండలో వెనుక బ్రేకు కాలిపర్ మార్పిడి: షెడ్డు పనికి మంచి మార్కులు, కొన్న విడిభాగానికి కొంచెం తక్కువ

నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపున వరుసగా కనిపించే ద్విచక్ర వాహనాల రిపేరు షెడ్లలో ఒకదానిలో మొన్నటి వానాకాలం చివర నా బండి వెనుక బ్రేకు కాలిపర్‌ను పూర్తిగా మార్పించాను. కాలిపర్ అంటే చక్రంతోపాటు తిరిగే డిస్కును రెండు పక్కలా ప్యాడ్లతో నొక్కి ఆపే భాగం. ఆ పని గురించి, అందుకోసం కొన్న కాలిపర్ అసెంబ్లీ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. షెడ్డు పేరు రాయడం లేదు, ఎందుకంటే దానికి బోర్డు లేదు. యజమానిని అందరూ ఉస్తాద్ అని పిలుస్తారు, ఆ వరుసలోని తక్కిన షెడ్ల యజమానులను కూడా అలాగే పిలుస్తారు కనుక ఆ పిలుపుతో దారి దొరకదు. కాలిపర్ మార్చే పని చాలా చోట్ల చేస్తారు. అసలు కాలిపర్ మార్చాలా, రిపేరు కిట్టు వేస్తే సరిపోతుందా, లేక లోపం ఇంకెక్కడైనా ఉందా అన్నది భాగాలు కొనకముందే తేల్చిన చోటు మాత్రం నాకు ఇదొక్కటే కనబడింది.

నా బండి రెండు చక్రాలకూ డిస్కులు, రెండింటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న రకం. లోపం ఒక్కసారిగా బయటపడలేదు. ఇంజను ఆపి తోసేటప్పుడు బండి బరువుగా కదలడం, మైలేజీ కొంత పడిపోవడం, మిర్యాలగూడ దాకా నడిపి దిగగానే వెనుక చక్రం దగ్గర కాలిన వాసన రావడం ఒకదాని వెంట ఒకటి మొదలై, చివరకు సెంటర్ స్టాండు వేసి చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పినా ఒక చుట్టయినా పూర్తి కాకుండా ఆగిపోయే స్థితి వచ్చింది. డిస్క్ ప్లేటు అంచు వెంట లేత నీలం రంగు తేలింది. ఉక్కు అవసరానికి మించి వేడెక్కినప్పుడు పడే మచ్చ అది. ఒక అధీకృత సర్వీసు కేంద్రానికి తీసుకువెళ్తే ప్యాడ్లు మార్చి, డిస్కును తుడిచి, బిల్లు చేతిలో పెట్టారు. చక్రం ఇంకా పట్టేస్తున్నదేమిటని అడిగితే, కొత్త ప్యాడ్లు కుదురుకునే వరకు అలాగే ఉంటుందన్నారు. కొత్త ప్యాడ్లు డిస్కును కొద్దిగా రాసుకునే మాట నిజమే కాని, చక్రాన్ని నిలిపివేసేంతగా రాసుకోవడం కుదురుకోవడం అనిపించుకోదు. కాలిపర్ కావాలంటే ముందుగా డబ్బు కట్టి ఆర్డరు పెట్టుకోవాలని, ఎప్పుడు వస్తుందో చెప్పలేమని కూడా అన్నారు. ఇప్పుడున్న కాలిపర్‌ను విప్పి చూశారా అన్న ప్రశ్నకు మాత్రం సూటిగా జవాబు రాలేదు.

ఇక్కడ వెనుక బ్రేకు ఎలా వదులుతుందో కొంచెం వివరించవలసి ఉంది, ఎందుకంటే తరువాత షెడ్డులో జరిగిన పరీక్షకు అర్థం దానిలోనే ఉంది. డ్రమ్ము బ్రేకులో లైనర్లను వెనక్కి లాగడానికి స్ప్రింగులు ఉంటాయి; డిస్కు బ్రేకులో అటువంటి స్ప్రింగు ఉండదు. కాలిపర్ లోపలి గాడిలో, పిస్టన్ చుట్టూ, చతురస్రపు కోత గల ఒక రబ్బరు సీలు కూర్చుని ఉంటుంది. పెడల్ తొక్కినప్పుడు పిస్టన్ ముందుకు జరుగుతూ ఆ సీలును తనతోపాటు కొద్దిగా మెలితిప్పుతుంది. కాలు తీయగానే సీలు తన మొదటి ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. బ్రేకు వదలడమంటే ఆ వెంట్రుకవాసి కదలికే. మన రోడ్ల మీద తిరిగే మామూలు బండ్ల వెనుక కాలిపర్‌లో పిస్టన్ ఒక్క పక్కనే ఉంటుంది కనుక, అవతలి పక్క ప్యాడు డిస్కును పట్టుకోవాలన్నా వదలాలన్నా కాలిపర్ మొత్తం రెండు స్లైడ్ పిన్నుల మీద అటూ ఇటూ జరగాలి. ఆ పిన్నులకు గ్రీజు ఎండిపోయినా, వాటి రబ్బరు బూట్లు (తొడుగులు) చిరిగి లోపలికి నీరు చేరినా కాలిపర్ ఉన్నచోటనే బిగుసుకుపోతుంది. ఇవి రెండూ కాక మూడో కారణం ఒకటుంది. పెడల్ దగ్గర ఉండి బ్రేకు ఆయిల్‌ను గొట్టంలోకి నెట్టే మాస్టర్ సిలిండర్‌లో, ఒత్తిడి తిరిగి ఆయిల్ డబ్బా అయిన రిజర్వాయర్‌లోకి పోవడానికి ఒక సన్నని రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోయినా, పెడల్ రాడ్డును ఆట (కొద్దిపాటి ఖాళీ కదలిక) లేకుండా బిగించినా, కాలు తీసిన తరువాత కూడా గొట్టంలో ఒత్తిడి నిలిచిపోయి ప్యాడ్లు డిస్కును వదలవు. మూడింటిలో ఏది చెడినా బండి నడిపేవారికి తెలిసేది ఒకటే: చక్రం పట్టేయడం.

మన ప్రాంతంలో వెనుక కాలిపర్‌కు కష్టకాలం నాట్ల సమయం. దమ్ము చేసిన ట్రాక్టర్లు కేజ్ వీల్స్ విప్పకుండానే రోడ్డెక్కి, మడి బురదను మైళ్ల పొడవునా పరిచిపెడతాయి. ముందు చక్రం చిమ్మిన ఆ బురద వెనుక చక్రం దగ్గరికి చేరుతుంది, వెనుక చక్రం తన వంతు తాను ఎగజిమ్ముతుంది. కోతల తరువాత అదే రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు కనుక పొట్టు, దుమ్ము వంతు వస్తుంది. ఇవన్నీ కడిగించడానికి వాటర్ సర్వీసింగుకు వెళ్తే, ఒత్తిడి నీటి పైపును నేరుగా కాలిపర్ మీద పెట్టి కొట్టే అలవాటు అన్ని చోట్లా ఉంది. బురద బయటికి పోవడం ఎంత నిజమో, నీరు బూట్ల సందుల్లోంచి లోపలికి పోవడం కూడా అంతే నిజం. వాతావరణం కాలిపర్‌ను ఎలా తింటుందో చెప్పడానికి పెద్ద ఉదాహరణ ఒకటి ఉంది. 2020లో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ బ్రిటన్, ఐరోపా, దక్షిణ కొరియాలలో అమ్మిన కొన్ని మోడళ్లను కాలిపర్ తుప్పు విషయంగా వెనక్కి పిలిపించి తనిఖీ చేసింది. చలికాలంలో అక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పు దానికి కారణం. నల్లగొండలో ఎవరూ రోడ్ల మీద ఉప్పు చల్లరు గాని, తడి, మట్టి, నెలల తరబడి శుభ్రం చేయని పిన్నులు కలిస్తే తుప్పుకు ఉప్పు అవసరం లేదు.

షెడ్డులో ఉస్తాద్ మొదట చేసిన పని పానా పట్టడం కాదు. స్టాండు వేసిన బండి వెనుక కూర్చుని చక్రాన్ని నెమ్మదిగా తిప్పి, ఎక్కడ బిగుస్తున్నదో, అన్ని వైపులా ఒకే రకంగా బిగుస్తున్నదా అని చూడడం. డిస్కు వంగి ఉంటే చుట్టులో ఒక చోట బిగిసి మరొక చోట వదులవుతుంది. నా బండికి అన్ని చోట్లా ఒకే బిగువు ఉంది. పెడల్‌కు ఉండవలసిన కొద్దిపాటి ఆటను చేత్తో నొక్కి చూశాడు. తరువాత, "సార్, ప్యాడ్ల మాట పక్కన పెట్టండి. ముందు నిపుల్ వదిలి చూద్దాం, పైన పట్టిందా కింద పట్టిందా అప్పుడే తెలుస్తది" అని, కాలిపర్ మీద ఆయిల్‌ను, గాలిని బయటికి వదలడానికి ఉండే నిపుల్‌కు సన్నని గొట్టం తగిలించి పావు చుట్టు విప్పాడు. నిపుల్ విప్పగానే ఆయిల్ ఒత్తిడితో చిమ్మి చక్రం వదులైతే, ఒత్తిడి గొట్టంలో నిలిచిపోయిందని, లోపం మాస్టర్ సిలిండర్‌లోనో హోసులోనో (ఆయిల్ గొట్టంలోనో) ఉందని అర్థం. నా బండికి నాలుగు చుక్కలు కారాయి, చక్రం మాత్రం అలాగే బిగిసి ఉంది. అంటే లోపం కిందనే, కాలిపర్‌లోనే ఉంది. ఒక పానా, ఒక గొట్టం ముక్క, రెండు నిమిషాలు. ఈ పరీక్షను అంతకుముందు బిల్లు వేసిన చోట ఎందుకు చేయలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కాలిపర్ విప్పిన తరువాత ప్యాడ్లే సగం కథ చెప్పాయి. పిస్టన్ పక్క ప్యాడు బాగా అరిగి ఉంటే, దానితోపాటే వేసిన అవతలి ప్యాడు దాదాపు కొత్తగా ఉంది. కాలిపర్ పక్కకు జరగడం లేదనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు. రెండు స్లైడ్ పిన్నుల్లో ఒకటి చేత్తో వచ్చింది, రెండోది సుత్తి దెబ్బలు తిని తుప్పు పొడితో సహా బయటికి వచ్చింది. అయినా ఉస్తాద్ అక్కడితో తీర్పు చెప్పలేదు. నిపుల్ తెరిచి ఉంచి పిస్టన్‌ను క్లాంపుతో వెనక్కి నొక్కి చూశాడు. నిపుల్ మూసి నొక్కితే కాలిపర్ అడుగున పేరుకున్న మురికి ఆయిల్ వెనక్కి ఏబీఎస్ యూనిట్‌లోకి పోతుంది కనుక ఈ జాగ్రత్త చిన్నది కాదు. పిస్టన్ మొరాయిస్తూ, ఒక పక్కకు ఒరుగుతూ జరిగింది. ఇక దాన్ని పూర్తిగా బయటికి తీయవలసి వచ్చింది. కొన్ని చోట్ల గాలి పైపు పెట్టి పిస్టన్‌ను ఎగరగొట్టడం చూశాను. వేళ్లు నలిగే ప్రమాదం ఉన్న పద్ధతి అది. ఇక్కడ హోసు విప్పకముందే, ఎదురుగా చెక్కముక్క పెట్టి, బ్రేకు పెడల్‌నే మెల్లగా తొక్కిస్తూ, రిజర్వాయర్‌లో ఆయిల్ అడుగంటకుండా పోస్తూ పిస్టన్‌ను బయటికి రప్పించారు.

బయటికి వచ్చిన పిస్టన్ మీద, సరిగ్గా సీలు ఆనే పట్టీలో, క్రోము పూత లేచి గుంటలు పడ్డాయి. గోరుతో గీస్తే గోరు ఆగుతున్నది. రిపేరు కిట్టు ప్రశ్న ఇక్కడే తేలిపోయింది. మా దగ్గర దొరికే కిట్టులో సీళ్లు, బూట్లు, కొంచెం గ్రీజు ఉంటాయి, పిస్టన్ ఉండదు. గుంటలు పడిన పిస్టన్ మీద కొత్త సీలు వేస్తే, పెడల్ తొక్కిన ప్రతిసారీ ఆ గుంటల అంచులు సీలును చెక్కుతాయి. కొన్నాళ్లకు ఆయిల్ కారి ప్యాడ్ల మీద పడుతుంది, ఆయిల్ తాగిన ప్యాడ్లను పారేయడం తప్ప మార్గం లేదు. ఎమిరి కాగితంతో రుద్ది నున్నగా చేస్తామనే మెకానిక్కులు ఉన్నారు, రుద్దితే మిగిలిన క్రోము కూడా పోతుంది. పైగా కాలిపర్ లోపలి గోడ మీద నిలువు గీతలు కనిపించాయి, నిపుల్ తల ఆరు పలకలు అరిగి గుండ్రంగా తయారైంది. పిస్టన్ నున్నగా ఉండి పిన్నులు మాత్రమే పట్టేసి ఉంటే, రెండు మూడు వందల రూపాయల కిట్టుతో, శుభ్రం చేసి గ్రీజు పెట్టడంతో పని అయిపోయేదని ఉస్తాదే అన్నాడు. అది ఆయనకు తక్కువ పని కాదు, నాకు మాత్రం చాలా తక్కువ ఖర్చు. కనుక అసెంబ్లీ కొనమన్నప్పుడు ఆ మాటను నమ్మడానికి నాకు అభ్యంతరం కనిపించలేదు.

అసెంబ్లీని నేనే ప్రకాశం బజారు వైపు ఒక విడిభాగాల దుకాణంలో కొన్నాను. కొనేటప్పుడు బండి మోడలు పేరు చెబితే చాలదు. మన దేశంలో 125 సీసీ దాటిన అన్ని కొత్త ద్విచక్ర వాహనాలకు 2019 ఏప్రిల్ 1 నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది గాని, ముందు చక్రానికి మాత్రమే ఏబీఎస్ ఉన్న బండ్లు, రెండింటికీ ఉన్న బండ్లు ఒకే పేరుతో అమ్ముడయ్యాయి. సంవత్సరం మారినప్పుడు కాలిపర్ బిగించే బ్రాకెట్టు, హోసు కోణం మారిన సందర్భాలూ ఉన్నాయి. పాత కాలిపర్‌ను చేతిలో పెట్టుకుని వెళ్లి, దాని మీద పోత అక్షరాలను, డబ్బా మీది పార్టు నంబరును పోల్చి చూసి కొనడమే సరైన పద్ధతి. ధర మూడు వేల పైచిలుకు అయింది. దుకాణంలో మొదట చూపించిన డబ్బా మీద పాత ఎమ్మార్పీ స్టిక్కరు ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతం అయింది, అంతకుముందు వీటిలో చాలా వాటి మీద 28 శాతం ఉండేది. ఆ సంగతి ఎత్తగానే ధర మారింది. పక్కనే సగం ధరకు, పేరు లేని డబ్బాలో మరొక కాలిపర్ కూడా చూపించారు. బ్రేకు విషయంలో దాని జోలికి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

విడిభాగం నాణ్యతకు వస్తే, పోత శుభ్రంగా ఉంది, పిస్టన్ నున్నగా ఉంది, నిపుల్‌కు రబ్బరు టోపీ ఉంది, హోసు తగిలే రంధ్రానికి దుమ్ము పోకుండా ప్లాస్టిక్ బిరడా బిగించి ఉంది. లోటు ఎక్కడంటే, స్లైడ్ పిన్నులు కూర్చునే బ్రాకెట్టు ఇందులో లేదు, ప్యాడ్లు లేవు, హోసు బోల్టుకు ఇరువైపులా వేయవలసిన రాగి వాషర్లు కూడా లేవు. డబ్బా మీద అసెంబ్లీ అని పెద్దక్షరాల్లో ముద్రించి, పది ఇరవై రూపాయలు చేసే రెండు వాషర్లను కొనేవాడి నెత్తిన వేయడం ఏ లెక్కన న్యాయమో తయారు చేసినవారే చెప్పాలి. ఆ వాషర్లు ఒకసారి బిగిస్తే నలిగి ఆకారం మారుతాయి, రెండోసారి వాడితే అక్కడ చెమ్మ పట్టి ఆయిల్ కారుతుంది. వాటిని మరిచిపోయిన వాళ్లు మళ్లీ దుకాణం దాకా నడవాలి, లేదా పాతవే వేయించుకోవాలి. పిన్ను బూట్లలో ఒకటి కొత్తదైనా అంచు కొద్దిగా మడత పడి వచ్చింది, ఉస్తాద్ దాన్ని సరిచేసి వేశాడు. పాత బ్రాకెట్టును వైరు బ్రష్షుతో, సన్నని గుడ్డతో పిన్ను రంధ్రాల లోపలి దాకా తుడిచి, కొత్త పిన్నులకు రబ్బరును తినని సిలికాన్ గ్రీజు పూశాడు. మామూలు గ్రీజు డబ్బా పక్కనే ఉన్నా దాన్ని ముట్టకపోవడం నేను గమనించాను. పెట్రోలియం గ్రీజు తగిలితే ఈ బూట్లు ఉబ్బి, పిన్ను మళ్లీ పట్టేస్తుంది.

బిగింపు పెద్దగా చెప్పుకోవలసింది కాదు, ఎయిర్ తీయడం, అంటే ఆయిల్‌లో చేరిన గాలిని బయటికి పంపడం, చెప్పుకోవలసింది. బ్రేకు ఆయిల్ సీలు విప్పని చిన్న సీసా నా కళ్ల ముందే తెరిచారు. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, సగం వాడి మూత పెట్టిన పాత సీసాలోది పోయడం డబ్బు ఆదా అనిపించినా బ్రేకుకు చేటు. నా బండి రిజర్వాయర్ మూత మీద రాసి ఉన్నది డాట్ 4 అనే బ్రేకు ఆయిల్ రకం. ఆ రకానికి, కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, సుమారు 3.7 శాతం నీరు కలిసిన తరువాత 155 డిగ్రీలు ఉంటే చాలునని ప్రమాణం. ఈ రెండు అంకెల మధ్య దూరమే రెండేళ్లకొకసారి ఆయిల్ మార్చమనడానికి కారణం. పట్టేసిన కాలిపర్ డిస్కును నిరంతరం వేడెక్కిస్తూ ఉంటే, నీరు కలిసిన ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కుకుపోతుంది గనుక పెడల్ కిందికి దిగిపోతుందే తప్ప ప్యాడ్ల మీద ఒత్తిడి రాదు. నా పాత ఆయిల్ గొట్టంలో టీ డికాక్షన్ రంగులో వచ్చింది.

షెడ్డులో పనిచేసే కుర్రవాడు పెడల్ తొక్కి పట్టుకోవడం, ఉస్తాద్ నిపుల్ పావు చుట్టు వదలడం, బుడగలు గొట్టంలోంచి సీసాలోకి పోగానే మూయడం, అప్పుడు మాత్రమే కుర్రవాడు కాలు తీయడం. నిపుల్ మూయకముందే కాలు తీస్తే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుందని ఆ కుర్రవాడికి చెప్పిన తీరు మాస్టారు పాఠం చెప్పినంత ఓపికగా ఉంది. రిజర్వాయర్‌లో మట్టం కనీస గీత కిందికి పోకుండా ఎప్పటికప్పుడు పోస్తూ వచ్చారు. రెండు చక్రాల ఏబీఎస్ ఉన్న బండ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. గాలి ఏబీఎస్ యూనిట్ లోపలికి చేరితే, కొన్ని బండ్లకు దాన్ని చేతి పద్ధతిలో తీయడం సాధ్యం కాదు, కంపెనీ స్కానరు పెట్టి లోపలి కవాటాలను తెరిపించవలసి వస్తుంది. ఇక్కడ ఆ అవస్థ రాలేదు. బుడగలు ఆగిన తరువాత కూడా, హోసును, కాలిపర్‌ను చెక్క పిడితో మెల్లగా తట్టి మళ్లీ తీశారు. అలా తట్టినప్పుడు మరికొన్ని సన్నని బుడగలు రావడం చూశాను. పెడల్ పైభాగంలోనే గట్టిగా నిలబడే వరకు పని ముగించలేదు. చివర కాలిపర్ మీద, స్వింగ్ ఆర్మ్ మీద పడిన ఆయిల్‌ను నీళ్లు పోసి కడిగారు, ఎందుకంటే ఈ ఆయిల్ రంగును తినేస్తుంది.

లోపాలు లేకపోలేదు. మొదటిది, షెడ్డులో టార్క్ రెంచి (బిగువును కొలిచి బిగించే పానా) లేదు. కాలిపర్ బోల్టులు, హోసు బోల్టు, వెనుక యాక్సిల్ నట్టు ఎంత బిగువుతో బిగించాలో కంపెనీ మాన్యువల్‌లో అంకెలు ఉంటాయి. ఇక్కడ చేతి అంచనాతో బిగించారు. ఉస్తాద్ చేతి మీద నాకు అపనమ్మకం లేదు గాని, అల్యూమినియం కాలిపర్ మర ఒకసారి జారిపోతే కొత్త అసెంబ్లీ మళ్లీ కొనవలసిందే కనుక, ఇంత చక్కగా పనిచేసే షెడ్డు ఈ పరికరం కొనకపోవడం నాకు రుచించలేదు. రెండవది, డిస్కు మందాన్ని కొలవలేదు. వెనుక డిస్కు మీదనే కనీస మందం ఎంతో చెక్కి ఉంటుంది. నీలం మచ్చ పడిన డిస్కును చేత్తో తడిమి బాగానే ఉందనడం చాలదని నేను అడిగిన తరువాతనే పక్క షెడ్డు నుంచి కొలత పరికరం తెప్పించారు. కొలత హద్దుకు పైనే ఉంది. మూడవది బిల్లు. మజూరీకి చిట్టీ మీద అంకె తప్ప ఏమీ రాయరు, కనుక రేపు ఏదైనా తేడా వస్తే చూపించడానికి చేతిలో కాగితం ఉండదు. భాగాలు కొన్న దుకాణం బిల్లును భద్రపరచుకోవడమే దీనికి విరుగుడు. తీసిన పాత కాలిపర్‌ను, ప్యాడ్లను అడగకుండానే సంచిలో వేసి ఇచ్చారని కూడా ఇక్కడే చెప్పాలి.

పనితీరు పరీక్షకు వస్తే, బ్రేకు కొత్తగా వేసినప్పుడు డిస్కు వేడెక్కిందా లేదా అని చెయ్యి పెట్టి చూసి భయపడేవారు చాలామంది ఉన్నారు. బ్రేకు తొక్కితే డిస్కు వేడెక్కకుండా ఉండదు. పట్టేస్తున్నదో లేదో తెలుసుకోవాలంటే, వెనుక బ్రేకును అసలు తొక్కకుండా కొంత దూరం నడిపి, ముందు బ్రేకుతోనే బండిని ఆపి, వెనుక డిస్కు దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. నకిరేకల్ రోడ్డు మీద అలా చేసి చూస్తే డిస్కు గోరువెచ్చగా మాత్రమే ఉంది, స్టాండు మీద చక్రం చేత్తో తిప్పితే ప్యాడ్ల సన్నని రాపిడి చప్పుడుతో చుట్లు తిరిగి ఆగింది. బండి కదిలిన కొద్ది క్షణాలకే ఏబీఎస్ దీపం ఆరిపోయింది, అంటే చక్రం వేగాన్ని చదివే సెన్సారును విప్పి బిగించడంలో తేడా రాలేదు. కొత్త ప్యాడ్లను మొదట్లో మధ్యరకం వేగం నుంచి మెల్లగా బ్రేకు వేస్తూ అలవాటు చేశాను. మొదటి రోజే గట్టిగా తొక్కితే ప్యాడు పైపొర గాజులా మెరిసి పట్టు తగ్గుతుంది.

అసలు పరీక్ష శ్రీశైలం దారిలో జరిగింది. దేవరకొండ, డిండి మీదుగా వెళ్లి మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు అక్కడ వాహనాలను వదలరు కనుక వేళ చూసుకుని బయలుదేరాలి. ఈగలపెంట దాటిన తరువాత కృష్ణ వైపు దిగే మలుపుల్లో, వెనుక ఒకరిని కూర్చోబెట్టుకుని, సామానుతో దిగాను. గేరు తగ్గించి ఇంజనుతోనే వేగాన్ని అదుపు చేస్తూ, మలుపు ముందు మాత్రమే బ్రేకు వాడాను. అయినా ఇటువంటి దిగుడులో వెనుక బ్రేకు మీద పని పడక తప్పదు. కింద ఆనకట్ట దగ్గర ఆగేసరికి పెడల్ నల్లగొండలో బయలుదేరినప్పటి ఎత్తులోనే, అంతే గట్టిగా ఉంది. పాత కాలిపర్ ఇదే దారిలో పెడల్‌ను మెత్తబరిచి, వెనుక కూర్చున్నవారికి కూడా వాసన పట్టించిన సంగతి నాకు గుర్తుంది. తిరిగి వచ్చిన తరువాత హోసు బోల్టు దగ్గర, నిపుల్ దగ్గర గుడ్డతో తుడిచి చూస్తే చెమ్మ లేదు. ప్యాడ్లు రెండు పక్కలా సమానంగా అరుగుతున్నాయి.

ఖర్చులో పెద్ద వాటా అసెంబ్లీదే; ప్యాడ్లు, ఆయిల్, వాషర్లు, గ్రీజు కలిపినా దానిలో సగం కాలేదు, మజూరీ అన్నిటికంటే తక్కువ. ఉదయం నుంచి మధ్యాహ్నం దాటే వరకు ఇద్దరు మనుషులు కూర్చుని చేసిన పనికి ఆ మజూరీ తక్కువేనని నా అభిప్రాయం. ముందు బ్రేకు ఆయిల్ కూడా మార్చేయమంటే, దాని రంగు చూసి, నిరుడు మార్చిందే కదా, వచ్చే ఎండాకాలం దాకా అక్కరలేదని ఉస్తాద్ వద్దన్నాడు. వారంటీలో ఉన్న బండి అయితే మాత్రం అధీకృత కేంద్రానికే తీసుకువెళ్లి, కాలిపర్ విప్పి పిస్టన్‌ను చూపించమని పట్టుబట్టడం మేలు, ఎందుకంటే బయట విప్పిన భాగానికి వారంటీ ఇవ్వమని వారు అనవచ్చు. ఈ షెడ్డుకు వెళ్లేవారు శుక్రవారం మధ్యాహ్నం మూసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. బ్రేకు పని అయితే ఉదయమే చేరుకోవాలి. గొట్టంలో బుడగ వెలుతురులో తప్ప సరిగ్గా కనబడదని, పొద్దు గుంకిన తరువాత ఎయిర్ తీసే పనికి ఆయన ఒప్పుకోడు.